ఏడాదిపాటు ఇంటిపట్టున

గత నెలలో బరంపురంలో మా క్రైస్తవ సంఘంలో ఒక పెండ్లి జరిగింది. సంఘ పెద్దలలో ఒకడిగా నేను ముందు వరుసలో కూర్చొని ప్రసంగం విన్నాను. దైవసేవకుడు సామెతల గ్రంథం ముప్పై ఒకటవ అధ్యాయాన్ని తీసుకొని, గుణవతియైన భార్య ఎలా ఉండాలో, భర్త దూరదేశంలో కష్టపడుతున్నప్పుడు ఆమె ఇంటి పరువును ఎలా కాపాడాలో అరగంటకు పైగా వివరించారు. పెండ్లికొడుకు పెండ్లయిన పన్నెండవ రోజున సూరత్ రైలెక్కబోతున్నాడని అక్కడున్న వారందరికీ తెలుసు. అతనితో మాత్రం, భార్యను ప్రేమించాలని ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు. నాకు ఆ ప్రసంగం కొత్తది కాదు. నా పెండ్లిలో చెప్పిందీ ఇంచుమించు అదే.

గంజాం జిల్లా నుండి సూరత్ మరమగ్గాలకు వెళ్ళడం మా వైపు తరాలుగా ఉన్నదే. ఒడియావారూ వెళ్తారు, తెలుగువారమూ వెళ్తాము. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుండి విడిపోయి ఒడిశాలో కలిసిన ప్రాంతంలోని తెలుగు కుటుంబాల వారసులం మేము. ఆరాధన తెలుగులో చేసుకొంటాము, బజారులో ఒడియా మాట్లాడతాము, కూలికి గుజరాత్ పోతాము. అందువల్ల దాంపత్యంలో నమ్మకత్వం అనే అంశం మాకు నెలల తరబడి ఎడబాటుతో, పంపిన డబ్బుతో, ఊరివాళ్ళ నోళ్ళతో ముడిపడిన సంగతి.

ముందుగా మాటల వాడుక గురించి కొంత చెప్పాలి. పాతివ్రత్యం అన్న మాటకు మన వాడుకలో మగవాడికి సరితూగేది లేదు. ఏకపత్నీవ్రతం అన్నది ఉంది గాని అది రాముడికే చెందినట్టు పురాణ కాలక్షేపంలో వినిపిస్తుంది తప్ప, పక్కింటి సుబ్బారావు గురించి ఎవరూ ఆ మాట వాడరు. తెలుగు బైబిలులో కనిపించే నమ్మకత్వం అన్న మాట అలా కాదు. హోషేయ గ్రంథంలో దేవుడు తన ప్రజను నమ్మకమునుబట్టి ప్రధానము (పెండ్లి నిశ్చయం) చేసికొంటానని చెబుతాడు. అంటే ఆ గుణం మొదట వరుడి పక్షాన ఉండవలసినది. గుడిలో మేము చేయించే పెండ్లి ప్రమాణం కూడా ఇద్దరికీ ఒకటే: కలిమిలోను లేమిలోను, వ్యాధిలోను ఆరోగ్యంలోను, మరణం ఎడబాపేవరకు. ఇద్దరి చేతా ఒకే మాటలు పలికించి, ఆ వెంటనే ఒకరికే అప్పగింతలు పెట్టడం ఎలా అలవాటయిందో నాకు అర్థం కాదు.

నా సంగతి చెప్పుకొంటాను. నాకు 1994లో పెండ్లయింది. పందొమ్మిది రోజులకే సూరత్ వెళ్ళాను. పన్నెండు గంటల షిఫ్టు. మేస్‌లో, అంటే కూలీలంతా కలిసి ఉండే బసలో, పగటి షిఫ్టువాళ్ళు లేచిన పరుపు మీదే రాత్రి షిఫ్టువాళ్ళు పడుకొనేవారు. దుప్పటి ఆరేది కాదు, పరుపులో వేడి తగ్గేది కాదు. వివాహము అన్ని విషయములలో ఘనమైనదిగాను, పానుపు నిష్కల్మషమైనదిగాను ఉండవలెనని హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదమూడవ అధ్యాయంలో ఉన్న మాటను ఆ గదిలో గుర్తు చేసుకొంటే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేవి. నాదంటూ సగం పానుపు కూడా లేదక్కడ.

ఆ రోజుల్లో నేను మరో స్త్రీ జోలికి పోలేదు. ఆ ఒక్క కారణంతో నమ్మకస్తుడినని గర్వపడేవాణ్ణి. ఆదివారం సెలవునాడు అద్దెకు తెచ్చిన వీడియోలో మిగిలినవారు ఏమి చూసేవారో నేనూ అదే చూశాను. మోహపు చూపుతో చూచువాడు అప్పటికే హృదయంలో వ్యభిచరించినవాడని మత్తయి సువార్త అయిదవ అధ్యాయంలో క్రీస్తు చెప్పిన మాట చిన్నప్పటి నుండి కంఠతా వచ్చినవాణ్ణే. అంతకన్నా నీచమైన పని ఇంకొకటి చేశాను. మా బంధువొకరు నా భార్య సాయంత్రాలు కుట్టు నేర్చుకోవడానికి వెళ్తోందని, ఆలస్యంగా వస్తోందని వ్రాశారు. నేను నాలుగు పుటల ఉత్తరం వ్రాశాను. వాక్యాలు కూడా ఉదహరించాను. ఆమె ఇన్లాండు కవరులో నాలుగే పంక్తులు వ్రాసింది, వాటిలో ఒకటి ఇప్పటికీ నాకు జ్ఞాపకం: "మీరు అక్కడ ఎవరితో ఎలా ఉంటున్నారని నేను ఎన్నడైనా అడిగానా?" అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలుసు.

ఆ ఉత్తరం తరువాతే నేను ఆ వాక్యభాగాలను నా కోసం చదవడం మొదలుపెట్టాను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో పౌలు చెప్పేది మా సంఘాలలో అరుదుగా ప్రసంగిస్తారు. భార్య దేహం మీద భర్తకు అధికారమున్నదని అన్న వెంటనే, అదే విధంగా భర్త దేహం మీద భార్యకు అధికారమున్నదని అంటాడు. మొదటి సగం చెప్పి రెండవ సగం మింగేవారిని నేను ఎందరినో విన్నాను. ఆ తరువాత, ప్రార్థనకు సావకాశం కలిగేలా, కొంతకాలం వరకు, ఉభయుల సమ్మతితోనే తప్ప ఒకరినొకరు ఎడబాయవద్దంటాడు. పందొమ్మిదవ రోజున నేను రైలెక్కినప్పుడు ఉభయుల సమ్మతి ఉన్నదా? మా నాన్నగారి అప్పు ఉంది, అప్పిచ్చిన వాడి సమ్మతి ఉంది. ఆమెను ఎవరూ అడగలేదు.

ద్వితీయోపదేశకాండం ఇరవై నాలుగవ అధ్యాయం అయిదవ వచనం ఇంకా సూటిగా ఉంటుంది. కొత్తగా పెండ్లి చేసుకొన్నవాడు సైన్యంలోకి పోకూడదు, అతని మీద ఏ పనిభారమూ మోపకూడదు, ఏడాదిపాటు ఇంట ఉండి భార్యను సంతోషపెట్టాలి. యుద్ధమంటే దేశమంతటి అవసరం. దానికి కూడా మినహాయింపు ఇచ్చిన ధర్మశాస్త్రమిది. శోధనలో నిలబడమని చెప్పడం సులువు, యజమాని పోతీఫరు భార్య పిలిచినా యోసేపు లొంగక నిలబడ్డాడని చెప్పడం ఇంకా సులువు; కొత్త జంటను ఆ శోధనలోకి నెట్టకుండా సమాజం ఏం చేయాలో ఆ ఒక్క వచనం చెబుతోంది.

చట్టం కూడా చాలాకాలం ఇదే వంకరలో నడిచింది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం క్రైస్తవ భర్తకు భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు. భార్యకైతే భర్త వ్యభిచారం ఒక్కటే చాలేది కాదు, దానికి తోడు క్రూరత్వమో, విడిచిపెట్టి పోవడమో మరొకటి చూపవలసి వచ్చేది. 2001లో సవరణ జరిగేదాకా, అంటే నూట ముప్పై ఏళ్ళకు పైగా, ఆ తేడా నిలిచే ఉంది.

చట్టాన్ని తప్పుపట్టే అర్హత నాకు పెద్దగా లేదు. కొన్నేళ్ళ క్రితం ఒక వలస కార్మికుడి భార్యను వదంతి ఆధారంగా ఆరు నెలలు ప్రభువు బల్లకు, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షారసం పంచుకొనే ఆరాధనకు, దూరంగా ఉంచారు. వ్యభిచారంలో పట్టుకొన్నామని స్త్రీని ఒంటరిగా యేసు ఎదుటికి ఈడ్చుకొచ్చినవారు, ఇద్దరికీ ఒకే శిక్ష అన్న లేవీయకాండపు ఆజ్ఞను సగమే పాటించారు కదా. అదే పని మా కమిటీ చేసింది. సూరత్‌లో ఆమె భర్త ఎలా ఉంటున్నాడని మాలో ఎవరూ విచారించలేదు. ఆ తీర్మానం కింద నా సంతకం కూడా ఉంది. తరువాత ఆమె ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగాను. మంచినీళ్ళు ఇచ్చింది గాని మాట్లాడలేదు.

అందుకే మొన్నటి పెండ్లిలో భోజనాలయ్యాక పెండ్లికొడుకును పక్కకు పిలిచి ఆ అయిదవ వచనం చూపించాను. అతను మర్యాదగా చదివి నవ్వాడు. "బాబాయి గారూ, ఏడాది ఇంట్లో కూర్చుంటే చీటీ ఎవరు కడతారు?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అయితే నీ భార్యను కూడా తీసుకుపో అన్నాను. గది అద్దె, అడ్వాన్సు లెక్కలు చెప్పాడు. మూడు నెలల అద్దె చేతిలో ఉంటే తీసుకెళ్ళగలనన్నాడు.

ఆ మూడు నెలల అద్దెను కొత్త దంపతులకు సంఘం అప్పుగా ఇవ్వాలని కమిటీకి అర్జీ వ్రాశాను. సంఘ కానుకలను ఇలాంటి వాటికి వాడవచ్చునా అని ఒకరన్నారు. వచ్చే సమావేశంలో చూద్దామన్నారు. పన్నెండవ రోజున ఆ అబ్బాయి ఒంటరిగానే రైలెక్కాడు. అజెండా నిన్న చేతికొచ్చింది. నా అర్జీ ఏడవ అంశం, ఆరవది షామియానా అద్దె పెంపు.