మట్మాతా మరవలు

ట్యునీషియా తీర పట్టణం గాబెస్ దాటి, కొత్త మట్మాతా కూడా వెనకబడ్డాక రోడ్డు కొండెక్కడం మొదలుపెట్టింది. నాలుగైదు మలుపులు తిరిగాక డ్రైవర్‌ని కారు ఆపమన్నాను. ఫోటో కోసమనుకున్నాడు కాబోలు, ఇంకొంచెం పైకి వెళ్తే వ్యూ బాగుంటుందన్నాడు. నేను చూడాలనుకున్నది రోడ్డు పక్కనే ఉంది. ఇరుకైన వంకకు అడ్డంగా మట్టి కట్ట. కట్ట వెనక బల్లపరుపుగా పరుచుకున్న మడి. అందులో ఆరు ఆలివ్ చెట్లు, రెండు అంజూర చెట్లు, ఒక ఖర్జూరం. ఆ కట్ట కింద ఇంకో కట్ట, దాని వెనక ఇంకో మడి. వంక పొడవునా అలా మెట్లు మెట్లుగా దిగిపోతున్నాయి. అటూ ఇటూ కొండలు మాత్రం బోడిగా ఉన్నాయి.

"దీన్ని ఏమంటారు?" అని అడిగాను.

"జెస్ర్. చాలా ఉంటే జెసూర్," అన్నాడు. "ఇవి లేకపోతే మేము లేము, ఖూయా."

ఖూయా అంటే అన్నా, తమ్ముడూ అనే పిలుపు. ఆ మాట తర్వాత నేను ఆయన పక్కనే ముందు సీట్లో కూర్చున్నాను.

మాది అనంతపురం జిల్లా. మా నాన్న ఇప్పటికీ వేరుశనగ వేస్తాడు. ఎరువుల కంపెనీలో నా ఉద్యోగం. ఫాస్ఫేట్, ఫాస్ఫారిక్ యాసిడ్ వ్యాపారంలో ట్యునీషియాది పెద్ద చెయ్యి. ఆ పని మీదే రెండు వారాలు గాబెస్‌లో ఉన్నాను. డిసెంబర్ మొదట్లో ఒక ఆదివారం ఖాళీ దొరికింది. గాబెస్‌కు నైరుతిగా 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న మట్మాతాలో భూమిలో తవ్వుకున్న ఇళ్ళు ఉన్నాయని అందరూ చెప్పారు. కట్టల గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

మా జిల్లాలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే కరువు జిల్లా అంటాం. ఇక్కడ 200 పడితే మంచి ఏడాదే. ఆ 200 కూడా నాలుగైదు పెద్ద వానల్లో కురిసి పోతుంది. కొండ వాలు మీద నీళ్ళు నిలవవు. మట్టిని గీరుకుంటూ వంకలోకి దూకుతాయి. కట్ట వాటిని ఆపుతుంది. నీళ్ళు ఇంకుతాయి, ఒండ్రు అక్కడే పేరుకుంటుంది. ఇక్కడి రైతు పొలం చూసుకుని కట్ట వేయడు. ముందు కట్ట వేసి, పొలం వచ్చేదాకా వానల కోసం ఎదురు చూస్తాడు. కొండ వాలంతా పడిన వాన ఒక్క మడిలోకి చేరుతుంది కాబట్టి, ఆ మడిలోని చెట్టుకు ఆకాశం ఇచ్చిన దానికి ఎన్నో రెట్లు నీళ్ళు అందుతాయి.

ఆ మట్టి కట్టను తబియా అంటారు. కట్ట చివర రాళ్ళతో పేర్చిన మరవ, అంటే ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే దారి, ఉంటుంది. దాని పేరు మెన్ఫెస్. మరవ కట్ట మధ్యలో ఉంటే మస్రెఫ్. అనంతపురంలో మేము మరవ అనేదాన్ని కోస్తాలో అలుగు అంటారు. ఇది చెరువు మరవే, ఎత్తు తక్కువ, అంతే. పని మొత్తం దానిదే అని డ్రైవర్ నాకు చేతులతో చూపించాడు. మరవ మరీ ఎత్తయితే పెద్ద వానకు కట్ట తెగుతుంది. మరీ కిందికుంటే మడి తడవకుండానే నీళ్ళు వెళ్ళిపోతాయి. ఒండ్రు పేరుకునే కొద్దీ కట్టనూ మరవనూ ఎత్తుకుంటూ పోవాలి. పై మడి నిండి మరవ పారితేనే కింది మడికి నీళ్ళు. అందుకే మరవ ఎత్తు ఒక్కరి ఇష్టం కాదు, వంకలో ఉన్న అందరి మాట.

పాత మట్మాతా చేరేసరికి పది దాటింది. ఊరు అంటే ఇళ్ళ వరసలు కనిపిస్తాయని చూస్తాం. ఇక్కడ దూరం నుంచి చూస్తే పసుపు మట్టి దిబ్బలే. దగ్గరికి వెళ్ళి నిలబడితే కాళ్ళ ముందు గుండ్రటి గుంత, అడుగున వాకిలి, వాకిట్లో ఆరేసిన బట్టలు. గుంత గోడల్లోకి చుట్టూ గదులు తొలిచారు. ఆరేడు మీటర్ల లోతున్నవీ ఉన్నాయి, పది మీటర్లకు దగ్గరగా ఉన్నవీ ఉన్నాయి. పైనుంచి దిగే మెట్లు ఉండవు. కొంచెం దూరంలో దిబ్బ పక్కన తలుపు ఉంటుంది. అక్కణ్ణుంచి ఏటవాలు సొరంగం వాకిట్లోకి తీసుకెళ్తుంది.

ఒక ఇంట్లోకి పెద్దావిడ ఒకామె రమ్మంది. డ్రైవర్ ఆమెను హాజ్జా అని పిలిచాడు, నేనూ అలాగే పిలిచాను. తలుపు మీద నీలం రంగులో చేప బొమ్మ, అరచెయ్యి గుర్తు. దిష్టి తగలకుండా. వాకిలి సున్నం కొట్టి తెల్లగా ఉంది. గదిలోకి వెళ్ళగానే బయటి చలిగాలి ఆగిపోయింది. ఎండాకాలం బయట 40 డిగ్రీలు దాటినా లోపల చల్లగా ఉంటుందని ఆమె చెప్పింది. మట్టి మిద్దెలో పుట్టి పెరిగిన నాకు ఆ మాట వేరే వివరణ లేకుండా అర్థమైంది.

ఆమె తల పైకెత్తి గోడలో ఎత్తున ఉన్న చిన్న గదిని చూపించింది. తాడు పట్టుకుని ఎక్కే గది అది, ధాన్యం కోసం. నేల మీదనుంచి దానికి ఒక కన్నం ఉంటుంది. కోత అయ్యాక బార్లీ బస్తాను పైనుంచే ఆ కన్నంలో కుమ్మరిస్తే గింజలు నేరుగా గదిలో పడతాయి. చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన ధాన్యం పాతర గుర్తొచ్చింది. పాతరలో గింజలు దాచేవాళ్ళం. వీళ్ళు పాతర తవ్వి, తామూ అందులోనే ఉన్నారు.

ఆ తవ్వకం సాధ్యమైంది మట్టి వల్ల. ఈ కొండల వరసను దహర్ అంటారు. దీనికి పడమర వైపు సహారా ఇసుక సముద్రం, గ్రాండ్ ఎర్గ్ ఓరియంటల్. వేల ఏళ్ళ పాటు గాలి అక్కడి సన్నటి ధూళిని ఎత్తుకొచ్చి ఈ కొండల మధ్య లోయల్లో వదిలింది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని లోయెస్ అంటారు. చేత్తో నలిపితే పిండిలా జారుతుంది, కానీ తవ్విన గోడ నిటారుగా నిలబడుతుంది. చిన్న గునపంతో తవ్వి, తట్టల్లో పైకి మోస్తే చాలు. వాన ఇదే ధూళిని వంకల్లోకి తెచ్చి కట్టల వెనక పొలం చేస్తుంది. ఇల్లూ పొలమూ ఒకే మట్టి. హాజ్జా వాకిట్లో కూర్చుని గోడ రాలిన చోట వేలితో గీకి చూసుకున్నాను.

ఇంతలో ఆమె తబూనా రొట్టె తెచ్చింది. మట్టి పొయ్యి లోపలి గోడకు అంటించి కాల్చే రొట్టె. పక్కన ఆలివ్ నూనె, తేనె. ఇంకో గిన్నెలో బ్సీసా. వేయించిన ధాన్యం పిండిని నూనెతో కలుపుతారు. మనం సత్తుపిండి కలుపుకున్నట్టే, బెల్లం నీళ్ళకు బదులు ఆలివ్ నూనె. పొలం పనికి వెళ్ళేవాళ్ళకు మధ్యాహ్నం దాకా ఆకలి వెయ్యదట. అది ఆలివ్ కోతల కాలం. ఇంట్లో మిగతావాళ్ళంతా జెసూర్‌లో ఉన్నారు. చెట్టు కింద పట్టాలు పరిచి, కొమ్మల్ని వేళ్ళతో దువ్వినట్టు కాయలు రాలుస్తారు. పూర్వం వేళ్ళకు మేక కొమ్ము తొడుగులు పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు ప్లాస్టిక్‌వి.

మట్మాతా అన్నది మొదట ఒక అమాజిగ్ (బెర్బర్) తెగ పేరు. 14వ శతాబ్దపు చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ ఉత్తర ఆఫ్రికా తెగల్ని చెప్పేటప్పుడు ఈ తెగనూ చెప్పాడు. పూర్వీకులు కొండ మీద కోటలాంటి ఊళ్ళో ఉండేవాళ్ళనీ, తర్వాత లోయలోకి దిగి ఇళ్ళు తవ్వుకున్నారనీ ఇక్కడివాళ్ళు చెప్తారు. ఊరి పైన కొండ మీద పాత కోట శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఒక విషయంలో నాకు బాధ కలిగింది. 1967 దాకా ఈ ఊరు ఉందని బయటి ప్రపంచానికి తెలియదనీ, వానలకు ఇళ్ళు కూలితే కొందరు గాబెస్ వెళ్ళి సాయం అడిగినప్పుడే ప్రభుత్వానికి తెలిసిందనీ ఒక కథ చాలాచోట్ల తిరుగుతోంది. వచ్చే ముందు నేనూ చదివి నమ్మాను. అది నిజం కాదు. 1881 నుంచి 1956 దాకా ఇక్కడ ఫ్రెంచి పాలన నడిచింది. డెన్మార్క్ నుంచి వచ్చిన డేనియల్ బ్రూన్ 19వ శతాబ్దం చివర్లోనే ఇక్కడి ఖలీఫా (స్థానిక అధికారి) దగ్గర అతిథిగా ఉండి ఈ ఇళ్ళ గురించి పుస్తకమే రాశాడు. శతాబ్దాలుగా సంతలకు నూనె పంపిన ఊరిని "ఎవరికీ తెలియని ఊరు" అనడం అన్యాయం.

వానలకు ఇళ్ళు దెబ్బతిన్న మాట మాత్రం నిజమే. 1969 శరదృతువులో ట్యునీషియా అంతా మునిగేంత వానలు పడ్డాయి. ఈ మట్టికి నీళ్ళు పగుళ్ళలోకి దిగితే గోడ నిలబడదు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం కింద మైదానంలో కొత్త మట్మాతా కట్టింది. కరెంటు, కొళాయి, స్కూలు కోసం చాలా కుటుంబాలు దిగిపోయాయి. ఇంకొన్ని ట్యూనిస్‌కూ ఫ్రాన్స్‌కూ వెళ్ళాయి. 2004 లెక్కల్లో పాత మట్మాతా మున్సిపాలిటీలో జనం రెండు వేల పైచిలుకు. 1976లో ఒక పేరున్న హాలీవుడ్ సినిమా షూటింగ్ ఇక్కడి సీదీ ద్రిస్ హోటల్లో జరిగింది. టూరిస్టు బస్సులు ఎక్కువగా అక్కడే ఆగుతాయి. మేము ఆగలేదు.

మధ్యాహ్నం తమెజ్రెత్ వెళ్ళాం, పదో పన్నెండో కిలోమీటర్లు. ఇక్కడ గుంతలు లేవు. కొండ చుట్టూ రాతి ఇళ్ళు, ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కినట్టు. మట్మాతాలో ఇప్పుడు అరబిక్కే మాట్లాడతారు. తమెజ్రెత్‌లో ముసలీ ముతకా ఇంకా అమాజిగ్ భాష మాట్లాడుకుంటున్నారు. ఊరి నెత్తిన ఉన్న కాఫీ కొట్లో బాదం పప్పులు వేసిన టీ ఇచ్చారు. అక్కడే గోడకు బఖ్నూగ్ అనే ఆడవాళ్ళ శాలువా వేలాడుతోంది. ఉన్నితో నేస్తూ, నమూనాల చోట మాత్రం నూలు వాడతారు. నేత పూర్తయ్యాక రంగులో ముంచితే ఉన్ని రంగు పీలుస్తుంది, నూలు తెల్లగా మిగులుతుంది. పోచంపల్లిలో నేతకు ముందే నూలుకు ముడులు కట్టి రంగు అంటకుండా ఆపుతారు. ఇక్కడ ముడి అక్కర్లేదు, ఆ పని నూలే చేసుకుంటుంది. చాలాసేపు దాన్నే చూశాను.

తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్ తూర్పు వైపు చెయ్యి చూపించి "మారెత్" అన్నాడు. లిబియాలోని ఇటలీ సైన్యానికి భయపడి ఫ్రెంచివాళ్ళు 1930లలో సముద్రం నుంచి ఈ మట్మాతా కొండల దాకా కట్టిన రక్షణ రేఖ అది. 1943 మార్చి నాటికి అందులో జర్మన్, ఇటలీ సైన్యాలు కూర్చున్నాయి. బ్రిటిష్ 8వ సైన్యంలో మన 4వ ఇండియన్ డివిజన్ ఉంది. మార్చి 22 రాత్రి వాది జిగ్జావు అనే వంక మీద ఫిరంగి కాల్పుల మధ్య దారులు వేసింది ఈ డివిజన్ సాపర్లే, అంటే సైన్యంలో దారులూ వంతెనలూ వేసే ఇంజనీరింగ్ దళం. తర్వాత అదే డివిజన్ హల్లూఫ్ కనుమ మీదుగా మట్మాతా కొండల్లోకి ఎక్కింది. అందులో మద్రాస్ సాపర్స్ కంపెనీ ఒకటి ఉండేది. ఆనాటి మద్రాస్ ప్రెసిడెన్సీ అంటే మా అనంతపురం కూడా. మన పల్లెల నుంచి వెళ్ళినవాళ్ళు ఈ వంకల్లోనే రాత్రిపూట రాళ్ళు మోసి ఉంటారని అనుకుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. డ్రైవర్‌కి చెప్పాను. ఆయన తల ఊపి, కారు కొంచెం నెమ్మది చేశాడు.

పొద్దు వాలుతుండగా ఆయన ఒక వంక దగ్గర కారు ఆపాడు. "మాది," అన్నాడు. మూడు మడులు, పదిహేను దాకా ఆలివ్ చెట్లు. ఆయన అన్నదమ్ములు ట్యూనిస్‌లో ఉన్నారు. పై మడి పక్కవాళ్ళది. వాళ్ళు వెళ్ళి ఇరవై ఏళ్ళయింది. ఆ కట్టకు గండి పడి ఉంది. గండి పడిన కట్టలోంచి నీళ్ళు ఆగకుండా ఉరికి కింది కట్ట మీద పడతాయి. అందుకే ఆయన మరవ రెండుసార్లు కొట్టుకుపోయిందట. పక్కవాళ్ళ కట్ట కూడా ఆయనే పూడ్చాలనుకుంటున్నాడు, కానీ వాళ్ళను అడగకుండా చెయ్యి వెయ్యకూడదన్నాడు. ఫోన్ చేస్తున్నాడట. మెన్ఫెస్ మీద జారిన రాళ్ళు ఐదారు తీసి సర్దాడు. నేనూ రెండు రాళ్ళు అందించాను. ఆయన ఒకదాన్ని తిప్పి పెట్టాడు, చదును వైపు పైకి వచ్చేలా.

రాత్రి గాబెస్ నుంచి నాన్నకు ఫోటోలు పంపాను. భూమిలో ఇళ్ళవీ, రాతి ఊరివీ, చివర ఈ కట్టదీ. మన టైము తెల్లవారి ఐదున్నరకు ఫోన్ చేశాడు. ఇళ్ళ గురించి ఒక్క మాటా అడగలేదు.

"ఆ కట్టకు మరవ ఎంత ఎత్తురా?"

"మడి నుంచి మోకాలికి కొంచెం పైదాకా."

కాసేపు మాట్లాడలేదు. లెక్క కట్టుకుంటున్నాడని తెలుసు.

"ఆ వాలుకు సరిపోతుంది," అన్నాడు. "పైవాడి గండి పూడ్చమను ముందు."