పిరుదుల మీద తామర: ట్యూబు కొనేముందు

పిరుదుల మీద గుండ్రటి మచ్చ, అంచున ఎర్రటి పొలుసులు, నడుమ కాస్త మామూలు చర్మం, విపరీతమైన దురద: చాలావరకు ఇది తామరే, అంటే ఫంగస్ వల్ల వచ్చే చర్మవ్యాధి. బిగుతు లెగ్గింగ్స్, ఆరని లోదుస్తులు, గంటలకొద్దీ మార్చని ప్యాడ్ దాన్ని పెంచుతాయి.

క్లోబెటసాల్, బీటామెథసోన్ కలిసిన క్రీములు దయచేసి రాయకండి. ఆ స్టెరాయిడ్లతో దురద త్వరగా తగ్గుతుంది, ఫంగస్ మాత్రం పాకుతూనే ఉంటుంది. మానగానే మళ్లీ విజృంభిస్తుంది.

ఫంగస్ మందు క్లోట్రిమజోల్ 1 శాతం ఒక్కటే ఉన్న క్రీమును, స్నానం చేసి ఒళ్లు బాగా ఆరాక, అంచు దాటి 2 సెంటీమీటర్ల వరకు రోజుకు 2 సార్లు రాయండి. మచ్చ పోయాక కూడా 2 వారాలు కొనసాగించాలి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లకూ వైద్యం తప్పదు, తువ్వాళ్లు కలపొద్దు.

వెంట్రుక మొదట్లో చీము పొక్కులైతే ఈ క్రీము పనిచేయదు. గర్భిణులు, షుగర్ ఉన్నవాళ్లు ముందే చర్మవైద్యులకు చూపించుకోవాలి.