చిటపటల ఆదివారం

పొద్దున ఏడింటికే ఉక్కపోత. విశాఖ లాసన్స్ బే కాలనీలో మా మేడమీద గదికి సముద్రపు గాలి దండిగా వస్తుంది, దాంతోపాటు ఉప్పూ వస్తుంది. కిటికీ ఊచలకి ఉగాదికి వేయించిన రంగు అప్పుడే పొక్కులు లేచింది. టీ తాగుతూ గిటార్ తీసి పెడల్‌కి, అదే, గిటార్ శబ్దాన్ని లెక్కలతో మార్చే పెట్టెకి తగిలించాను. చిటపట. నూనెలో ఆవాలు వేసినట్టు.

రెండు వారాలుగా ఇదే గోల. మొన్న ఒక రిసెప్షన్‌లో లీడ్ మొదలెట్టగానే చిటపటలాడింది. స్టేజి మీద కీబోర్డాయన నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తీర్పు మాత్రం అప్పుడే ఇచ్చేసుకున్నాను: పెడల్ లోపల లెక్కలు చేసే ప్రాసెసర్‌కి వయసైపోయింది. పెడల్ కొని ఎనిమిదేళ్లు. గిటార్ ఆంప్లిఫయర్ (ఆంప్), దాని స్పీకర్ పెట్టె (క్యాబినెట్), ప్రతిధ్వనికి డిలే, శబ్దం చిక్కబడటానికి కోరస్, ఈ నకళ్లన్నీ పెట్టి గది మోతకి రివర్బ్ కూడా జోడించబోతే ‘ఇక పట్టదు’ అని తెర మీద చెప్పేస్తుంది. అలాంటిది దమ్ము చాలక ఆయాసపడుతోందని అనుకోవడంలో తప్పేముంది?

నా అనుమానం మరీ గాలిలోంచి పుట్టింది కాదు. ఇలాంటి పెట్టెలు మామూలుగా గిటార్ శబ్దాన్ని సెకనుకి 48,000 ముక్కలుగా కోస్తాయి. ఒక ముక్కకీ ఇంకో ముక్కకీ మధ్య 20 మైక్రోసెకన్లు, ఆపైన కాస్త. 2015లో వచ్చిన లైన్ 6 హెలిక్స్ అనే పెడల్‌లో 450 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకి 45 కోట్ల టిక్కులు కొట్టే షార్క్ చిప్‌లు రెండున్నాయి. దాన్ని 48,000తో భాగిస్తే ఒక్కో చిప్‌కి ముక్కకి 9,375 టిక్కులు దక్కుతాయి. ఆంప్, స్పీకర్, గది మోత, అన్నీ ఆ లోపలే లెక్కగట్టాలి. కంప్యూటర్ అయితే కాసేపు చక్రం తిప్పి మనల్ని కూర్చోబెడుతుంది. పెడల్‌కి ఆ సౌకర్యం లేదు. తర్వాతి ముక్క వచ్చేలోపు లెక్క తేలకపోతే శబ్దంలో గండి పడుతుంది, చెవికి అది చిటపటే.

పదింటికి మద్దిలపాలెంలో ప్రాక్టీస్. మా బేస్ గిటార్ వాడు కొత్త పెడల్ తెచ్చాడు. నాలుగు కోర్ల ప్రాసెసరట, తెర మీద వేలితో గీస్తే ఎఫెక్టులు అటూ ఇటూ జరుగుతాయి. దాని ధర నాకు నాలుగు నెలల జీతం. “గురూ, ముట్టుకో, కరవదు” అన్నాడు. నేను చేతులు ప్యాంటుకి తుడుచుకుని ముట్టుకున్నాను.

రెండింటిలోనూ ఒకే రకం ఆంప్ పెట్టి పోల్చాం. కీబోర్డాయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు, నేను వైరు ఒక పెడల్ నుంచి ఇంకోదానికి మార్చి మార్చి మీటాను. క్లీన్ టోన్‌లో, అంటే బొంగురు లేని శబ్దంలో, ఏ పెడలో పదిసార్లు అడిగితే ఐదుసార్లు సరిగ్గా చెప్పాడు. అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే. కాస్త బొంగురుండే మామూలు క్రంచ్ రిథమ్‌లోనూ అంతే. లోపల కాస్త సంతోషించాను, నాలుగు నెలల జీతం మిగిలిందని.

తర్వాత మొదటి తీగ మీద 22వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది మెట్టు) నొక్కి, శబ్దాన్ని బొంగురు చేసే డిస్టార్షన్ బాగా పెంచి, స్వరాన్ని పైకి లాగాను. కొత్తదానిలో స్వరం పైకెళ్లింది, అంతే. నాదానిలో పైకెళ్లే స్వరం వెనకాల ఇంకేదో సన్నగా కిందకి జారింది. ఎనిమిదేళ్లుగా వింటున్నా ఎప్పుడూ పట్టించుకోలేదు. పక్కన మంచిది వింటే గానీ తెలియలేదు.

ఇది మాత్రం నిజంగా ప్రాసెసర్ బీదరికమే. ఆ ఫ్రెట్‌లో స్వరం దాదాపు 1,175 హెర్ట్జ్. డిస్టార్షన్ దానికి రెట్లు పుట్టిస్తుంది: రెండింతలు, మూడింతలు, అలా పైకి. 35వ రెట్టు 41 వేలు దాటుతుంది. 48,000 ముక్కల లెక్కలో అందులో సగం, 24 వేల హెర్ట్జ్‌కి పైన ఏదీ ఇమడదు, గోడకి కొట్టిన బంతిలా వెనక్కి మడత పడుతుంది. 48,000లోంచి 41,100 తీసేస్తే 6,900. స్వరాన్ని రెండు మెట్లు పైకి లాగితే 35వ రెట్టు 46 వేల పైకెళ్తుంది, దాని మడత 1,850కి దిగుతుంది. వేలు పైకి లాగుతుంటే దెయ్యం కిందకి దిగుతుంది. మందు ఉంది: ఆంప్ లెక్కని ఎనిమిదింతల వేగంతో, అంటే సెకనుకి 3,84,000 ముక్కలతో చేసి, పై చెత్తని వడగట్టి, మళ్లీ 48,000కి దించడం. కానీ ఆ భాగంలో పని కూడా దాదాపు ఎనిమిదింతలవుతుంది. కొత్త చిప్‌ల డబ్బు ఎక్కువగా ఇక్కడ ఖర్చవుతుందని నా లెక్క. ప్రకటనల్లో మాత్రం ఎన్ని వందల ఎఫెక్టులో అదే రాస్తారు. రెండు వందల ఎఫెక్టులతో రిసెప్షన్‌లో నేనేం చేసుకోను?

అలాగని అంతా చిప్ చేతిలోనే లేదు. 2018లో హెలిక్స్ వాళ్లదే హెచ్‌ఎక్స్ స్టాంప్ అనే చిన్న పెడల్ వచ్చినప్పుడు ఒక ప్యాచ్‌లో, అంటే ఒక టోన్ అమరికలో, ఆరు బ్లాకులే (ఆంప్, ఎఫెక్టు లాంటివి) పట్టేవి. తర్వాత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో ఎనిమిదయ్యాయి, పెట్టె అదే.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి నాన్న వీధి అరుగు మీద పేపర్ చదువుతున్నారు. పూర్ణా మార్కెట్ దగ్గర ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేసిన మనిషి. ఆయనకి నా పెడల్ అంటే చిన్నచూపు. ఇవాళ మాత్రం మేడెక్కి వచ్చారు.

“ఇందులో గాజు వాల్వులెక్కడరా?”

“వాల్వుల్లేవు నాన్నా, లెక్కలే. ఇది ఏసీ30 అనే ఇంగ్లండు ఆంప్‌కి నకలు. అసలుదాంట్లో ఈఎల్84 వాల్వులు నాలుగుంటాయి.”

“ఈఎల్84 ఏటి, మన రేడియోల్లోదే!” కళ్లు పెద్దవయ్యాయి. “స్పీకర్‌ని తోసేది అదే కదరా. ముట్టుకుంటే వేలు కాలిపోయేది. దాన్ని లెక్కలో పెట్టేశారా?”

చిటపట వినిపించాను, ప్రాసెసర్ గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన మొత్తం వినలేదు. “అన్నీ ఆపేసి మీటు” అన్నారు. ఎఫెక్టులన్నీ ఆపాను, ఆంప్ కూడా. ప్రాసెసర్‌కి పనే లేదు. చిటపట అలాగే ఉంది.

వైరు పట్టుకుని గిటార్ దగ్గర మెల్లగా తిప్పారు. చిటపట వేళ్లతో పాటు తిరిగింది. జాక్ బయటికి తీసి కిటికీ వెలుగులో పెట్టారు. మొనకి కింద, నల్ల గీత పక్కన, రాగి చెంబుకి పట్టినట్టు పచ్చగా చిలుము.

నేనేం మాట్లాడలేదు. ఆయనా మాట్లాడలేదు, అది ఇంకా కష్టం. స్పిరిట్‌లో దూది ముంచి తుడిచారు, గిటార్ సాకెట్ లోపల చీపురుపుల్లకి దూది చుట్టి తిప్పారు. దూది పచ్చగా వచ్చింది. మళ్లీ తగిలించి మీటితే నిశ్శబ్దం, దాని మీద స్వరం. ఎఫెక్టులన్నీ వెనక్కి వేశాను. పాత ప్రాసెసర్ కిక్కురుమనలేదు.

పరువు కాస్త దక్కించుకుందామని, “ఇది వినండి” అని 22వ ఫ్రెట్ దెయ్యాన్ని వినిపించాను. కీబోర్డాయనకి రెండుసార్లు చెప్తే గానీ దొరకలేదు. నాన్న తల కాస్త వంచారు.

“ఇది షార్ట్‌వేవ్ ఈలరా. రేడియోలో స్టేషన్ పట్టడానికి నాబ్ తిప్పుతుంటే పక్కనుంచి జారేది.” చేత్తో గాలిలో నాబ్ తిప్పి చూపించారు. “మళ్లీ లాగు.”

లాగాను.

“నెమ్మదిగా.”

నెమ్మదిగా లాగాను. కింద నుంచి అమ్మ అరిచింది, “ఒక గుంటడితోనే వేగలేకపోతన్నాను, ఇద్దరయ్యారేటి! అన్నం చల్లారిపోతంది!” నాన్న వినిపించుకోలేదు. “ఆ ఆఖర్న ఆగిపోకు, ఇంకొంచెం పైకి” అన్నారు.