సెలవుతో తగ్గని జబ్బు

మొదట గుండె జబ్బే అనుకున్నాను. ఫోన్ మోగితే చాలు, ఛాతీలో దడ. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది, ఇక తెల్లవార్లూ రేపటి రివ్యూ కాల్‌లో ఏం చెప్పాలా అన్న ఆలోచనే. ఈసీజీ తీశారు, థైరాయిడ్ చూశారు, అన్నీ నార్మల్. బీపీ మాత్రం ఎక్కువుంది.

నేను బ్యాంకు ఆఫీసర్ని. గోదావరి జిల్లాలో చిన్న ఊరి బ్రాంచి. పంట రుణాలు, బంగారం లోన్లు, పెన్షన్లు ఎంతున్నా నాకెప్పుడూ బరువనిపించలేదు. బరువంతా ఇన్సూరెన్స్ టార్గెట్లది. రోజూ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పేర్లతో పట్టిక, వెనకబడినవాళ్లు ఎర్రరంగులో. రాత్రి తొమ్మిదికి కాన్ఫరెన్స్ కాల్, అందరూ వింటుండగా: "ఏం మేడమ్, ఇవాళ కూడా సున్నాయేనా?" లోన్ రెన్యువల్‌కు వచ్చిన రైతుకు పాలసీ అంటగట్టడానికి మనసొప్పదు, అంటగట్టకపోతే రాత్రికి మాటలు పడాలి.

నవంబరులో పెన్షనర్లు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి వస్తారు. నాకు ఆ నెలంటే ఇష్టం. వేలిముద్ర పడకపోతే, "ఈ వేళ్లు కూడా రిటైరైపోయాయమ్మా" అని నవ్వుతారు. ఆ ఏడాది వాళ్లు లోపలికొస్తుంటేనే విసుగు. ఒంట్లో ఓపిక లేకపోవడం కన్నా ఆ విసుగే నన్ను భయపెట్టింది.

సైకియాట్రిస్టు నిద్రకు, ఆందోళనకు మందులు రాసి, ఇది బర్నౌట్ అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల, ఆరోగ్య సమస్యల జాబితా (ఐసీడీ-11) దీన్ని జబ్బుల్లో వేయలేదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా రాసింది. లక్షణాలు మూడు: శక్తంతా అయిపోవడం, పని మీద విరక్తి, ఏమీ చేయలేకపోతున్నామన్న భావన. మూడూ నాకున్నాయి. "అక్కడ పని తీరు మారకపోతే నా మందులు కొంతవరకేనమ్మా" అన్నారావిడ.

అలాగే అయింది. సెలవులో నిద్ర పట్టింది, ఆకలి వేసింది. డ్యూటీలో చేరగానే దడ మళ్లీ మొదలు. సెలవులో ఉన్న నెల టార్గెట్ కూడా నా పేరు మీదే ఉంది మరి! ఆ మధ్యే పైవాళ్లు ఒత్తిడి తగ్గించుకోవడం మీద మాకు క్లాసు కూడా పెట్టారు, ఆదివారం పూట.

కొత్త మేనేజర్ గారు వచ్చాకే కోలుకున్నాను. ఆయన ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. మా గ్రూపులో పట్టికలు ఆపేశారు. టార్గెట్ బ్రాంచి మొత్తానిది అన్నారు. పైనుంచి వచ్చే ఫోన్లు తనే ఎత్తేవారు, ఏడు దాటాక మాకెవరికీ ఫోన్ లేదు. కౌంటర్లో మనిషి చాలడం లేదని నేను ఎప్పటినుంచో మొత్తుకుంటున్నా. ఆయన ఏ వేళకు క్యూలో ఎంతమంది ఉంటున్నారో రాయించి, ఆ కాగితం పంపి ఒక క్లర్కును తెప్పించారు. సోమవారం షట్టర్ ఎత్తకముందే, "ఈ వారం ఏ పని ఆపొచ్చో చెప్పండి" అని అడిగేవారు. నా సర్వీసులో ఆ ప్రశ్న వినడం అదే మొదలు. బిజినెస్ పడిపోలేదా అంటారు కొందరు. మా ర్యాంకు మధ్యలో ఉంది, ముందూ అక్కడే ఉండేది.

నిద్రమాత్రలు డాక్టరే మెల్లగా తగ్గించి ఆపేశారు. బీపీ మాత్ర మిగిలింది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి, 35–40 గంటలు చేసేవారితో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కగట్టాయి. అందుకే ఆ మాత్ర మాత్రం మరిచిపోను.

మేనేజర్ గారికి త్వరలో ట్రాన్స్‌ఫర్. డ్యూటీ అయ్యాక ఆఫీసు ఫోన్లకు దూరంగా ఉండే హక్కు ఫ్రాన్స్‌లో 2017 నుంచి చట్టంలోనే ఉంది. మాకేమో ఒక మనిషి మంచితనమే ఆధారం. ఏడు తర్వాత ఫోన్లు చేయకూడదని సర్క్యులర్ ఇమ్మని యూనియన్ తరఫున రాసిచ్చాం. జవాబింకా రాలేదు.