జెడ్ బోసాన్లూ, నాన్న రొయ్యల కౌంటూ

ఆదివారం ఫోన్ చేస్తే నాన్న ముందు చలి గురించి అడుగుతారు, తర్వాత తిండి గురించి. ఆఖర్న, "ఏమ్మా, కౌంట్ తేలిందా?" అంటారు. మాది భీమవరం దగ్గర పల్లె, మాకు రొయ్యల చెరువులున్నాయి. మా వైపు కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నది. 30 కౌంట్ అంటే పెద్ద రొయ్య, 100 కౌంట్ అంటే చిన్నది. జెనీవా పక్కన సెర్న్ అనే కణభౌతిక పరిశోధనశాలలో నేను చేసే పనేమిటని మూడేళ్ల కిందట అడిగితే "అణువు కంటే చిన్నవాటిని లెక్కపెడతాను నాన్నా" అన్నాను. అప్పట్నుంచీ నాదీ కౌంటే.

అంతకన్నా బాగా నేనూ చెప్పలేననుకోండి. భూమికి సుమారు వంద మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో ప్రోటాన్లు ఎదురెదురుగా తిరిగి ఢీకొంటాయి. నేను పనిచేసే సీఎంఎస్ డిటెక్టర్, అంటే ఆ ఢీల్లో పుట్టే కణాలను పట్టే యంత్రం, ఫ్రాన్సు వైపు, సెస్సీ అనే ఊరి కింద ఉంది. బరువు 14,000 టన్నులు. అందులో డబ్ల్యూ, జెడ్ బోసాన్లనే బరువైన కణాలు ఎన్ని పుట్టాయో తేల్చడం మా బృందం పని. 1983లో వీటిని మొదటిసారి చూసింది కూడా సెర్న్‌లోనే. అప్పుడు దొరికిన డబ్ల్యూలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. ఆ మరుసటేడే కార్లో రుబ్బియా, సైమన్ వాన్ డర్ మీర్‌లకు నోబెల్ వచ్చింది.

ఎప్పుడో దొరికినవాటిని మళ్లీ లెక్కపెట్టడం దేనికని ఇంటికెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు. ప్రోటాన్ కడుపులో ఏముందో ఇవి చెబుతాయి. ప్రోటాన్‌లో క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయి, అప్‌లు రెండు, డౌన్ ఒకటి. ప్లస్ డబ్ల్యూ పుట్టేది అప్ వల్ల, మైనస్ డబ్ల్యూ డౌన్ వల్ల. అందుకే ప్లస్ చార్జి ఉన్న డబ్ల్యూలు మైనస్‌వాటికంటే ఎక్కువ పుడతాయి, 10 మైనస్‌లకు సుమారు 13 ప్లస్‌లు. సిద్ధాంతం వాళ్లు ఈ సంఖ్యలను చాలా కచ్చితంగా కట్టి ఉంచారు. మేం అంత కచ్చితంగా కొలవగలిగితేనే ఎక్కడైనా తేడా ఉంటే బయటపడేది.

జెడ్‌ను ఎవరూ నేరుగా చూడరు, అది పుట్టినచోటే పోతుంది. నూటికి మూడుసార్లకు కొంచెం ఎక్కువగా, పోతూ పోతూ రెండు మ్యూయాన్లను, అంటే ఎలక్ట్రాన్‌కి బరువైన అన్నల్లాంటి కణాలను, వదులుతుంది. వాటిని కలిపి ద్రవ్యరాశి కడితే 91 జీఈవీ (కణాల ద్రవ్యరాశికి మేం వాడే కొలత) దగ్గర నిటారుగా ఒక శిఖరం లేస్తుంది. వెయ్యిసార్లు చూసినా ఆ గ్రాఫ్ నాకు విసుగు రాలేదు. డబ్ల్యూతోనే తంటా. మేం వెతికే డబ్ల్యూ ఒక మ్యూయాన్‌ను, ఒక న్యూట్రినోను వదులుతుంది. న్యూట్రినో డిటెక్టర్‌కి చిక్కదు. మిగతావన్నీ కూడి, ఎటువైపు తక్కువైందో చూసి, అటు పోయిందనుకోవాలి. మామూలు రోజుల్లో ప్రోటాన్ కిరణాలు ఒక్కసారి ఎదురైతే 30కి పైగా ఢీలు ఒకదానిమీద ఒకటి పడతాయి, ఆ గోలలో ఈ కూడిక చెడుతుంది. అందుకే మేం వాడేది 2017లో ప్రత్యేకంగా తీసిన డేటా. అందులో ఒక్కో ఎదురుపాటుకి ఢీలు రెండో మూడో.

ఇక్కడే నాన్న పని, నా పని ఒకటవుతాయి. చెరువులో ఎంత రొయ్య బతికుందో చూడాలంటే నాన్న నాలుగైదు చోట్ల విసురు వల వేయిస్తారు. పడినవి లెక్కపెట్టి, వల ఎంత మేర పరుచుకుందో, చెరువు ఎంతో చూసి హెచ్చవేస్తారు. పైన ఇంకొంత కలుపుతారు. "రూపాయికి పావలా వంతు వలకి దొరకవమ్మా, బురదలో ఉంటాయి." ఆ పావలా వంతు ఎంతో కచ్చితంగా తేల్చడానికే నా రెండేళ్లు పోయాయి. మా పద్ధతి పేరు ట్యాగ్ అండ్ ప్రోబ్. జెడ్ నుంచి వచ్చిన మ్యూయాన్లలో ఒకటి గట్టిగా దొరికిందంటే రెండోది ఎక్కడో ఉండే తీరాలి. దాన్ని డిటెక్టర్ గుర్తుపట్టిందా లేదా? వందకి ఎన్నిసార్లు పట్టిందో అదే ఎఫిషియెన్సీ.

పోయిన మార్చిలో నా పరువు పోయింది ఈ ఎఫిషియెన్సీ దగ్గరే.

ఇలా మ్యూయాన్లను వదిలిన డబ్ల్యూల సంఖ్యని, అలాగే వదిలిన జెడ్‌ల సంఖ్యతో భాగిస్తే పదిన్నర దగ్గర రావాలి. నాకు ఎనిమిదిన్నర వచ్చింది. రెండు వారాలు రాత్రీ పగలూ వెతికాను. డబ్ల్యూ వైపు న్యూట్రినో లెక్క తప్పిందేమోనని అంతా అక్కడే తవ్వాను, కష్టమైనచోటే తప్పు ఉంటుందనే నమ్మకంతో. టెన్షన్‌తో నిద్ర లేదు. మీటింగులో స్లైడు పెట్టాక మా సీనియర్ ఒకావిడ టీ తాగుతూ ఒకటే అడిగింది: "జెడ్‌లో ట్రిగ్గర్‌కి రెండు మ్యూయాన్లూ కావాలా, ఒకటి చాలా?"

ఒకటి చాలు. సెకనుకి 4 కోట్లసార్లు కిరణాలు ఎదురయ్యేచోట ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో తేల్చే కాపలావాడు ట్రిగ్గర్. మాది ఒక్క మ్యూయాన్ కనబడినా తలుపు తీస్తుంది. ఒక్కో మ్యూయాన్‌ను అది పట్టే అవకాశం 0.9 అనుకోండి. నేను 0.9ని 0.9తో హెచ్చవేసి 0.81 అని రాసుకున్నాను. రెండూ ఒకేసారి తప్పిపోయే అవకాశం 0.1 ఇంటూ 0.1, అంటే నూటికి ఒకటి. కాబట్టి రాయాల్సింది 0.99. 0.81తో భాగించేసరికి లేని జెడ్‌లు నూటికి ఇరవైకి పైగా పుట్టుకొచ్చాయి. మా చెరువు గట్టుమీద రాత్రిళ్లు ఇద్దరు పడుకుంటారు. ఎవరో ఒకరు మేలుకుంటే చాలు, దొంగ దొరుకుతాడు. అది తెలిసి పెరిగినదాన్ని, కోడ్‌లో మాత్రం ఇద్దరూ మేలుకోవాలని రాశాను!

దిద్దడానికి ఒక్క లైను. నిష్పత్తి సరైన చోటికి వచ్చింది.

విడివిడిగా ఎన్ని పుట్టాయో చెప్పాలంటే ఇంకోటి కావాలి, మొత్తం ఢీల లెక్క. దాన్ని ల్యుమినాసిటీ అంటాం. రెండు కిరణాలను ఒకదానిమీంచి ఒకటి కొద్దికొద్దిగా జరుపుతూ, ఢీలు ఎలా తగ్గుతున్నాయో చూసి, కిరణం వెడల్పు కట్టాలి. ఇది కూడా వాన్ డర్ మీర్ ఉపాయమే, ఆయన పేరుతోనే పిలుస్తాం. ఎంత జాగ్రత్తపడినా అందులో నూటికి ఒకటో రెండో తేడా మిగులుతుంది. నిష్పత్తిలో అది పైనా కిందా కొట్టేసుకుపోతుంది, అందుకే ముందు నిష్పత్తి చూసుకుంటాం. నాన్నకి ఈ బాధ లేదు. పట్టుబడి రోజు చెరువంతా తోడి కాటా వేస్తే ఆయన అంచనా ఎంత తప్పో సాయంత్రానికి తెలిసిపోతుంది.

నిన్న ఫోన్‌లో కౌంట్ తేలిందని చెప్పాను. "ఎంత?" అన్నారు. పదిన్నర అన్నాను. "కిలోకి పదిన్నరా? అది రొయ్య కాదమ్మా, పీత" అన్నారు.

ఈ వారం నుంచి, మ్యూయాన్లకు బదులు ఎలక్ట్రాన్లను వదిలే డబ్ల్యూ, జెడ్‌ల లెక్క మొదలుపెడుతున్నా. ట్రిగ్గర్ లైను ముందే రెండుసార్లు చదువుకున్నాను.