బూడిద దిబ్బల నుంచి కోట గోడల దాకా

వ్యవసాయం రాగానే ఊళ్లు వెలిశాయని, ఊళ్లు పెరిగి నగరాలయ్యాయని, నగరాల నుంచి నాగరికత పుట్టిందని మనమంతా బడిలో చదువుకున్నాం. ఈ వరుస తప్పని అనలేం గాని, ఒకటి జరిగితే దాని వెనక మరొకటి దానంతటదే జరిగి తీరుతుందన్న భావం అందులో దాగి ఉంది. దక్కన్ చరిత్ర ఆ భావానికి లొంగదు. ఇక్కడ పశుపోషణ, సాగు మొదలయ్యాక నగరమనదగ్గది కనిపించడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది.

పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో (ఆదిలాబాద్ ఉట్నూరు వేరు) 1957లో రేమండ్ ఆల్చిన్ అనే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఒక బూడిద దిబ్బను తవ్వించాడు. ఇటువంటి దిబ్బలు అనంతపురం జిల్లా పాలవాయిలోను, బళ్లారి, రాయచూరు ప్రాంతాల్లోను ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బను వాలిని దహనం చేసిన చోటుగా అక్కడివారు చెప్పుకుంటారు. ఉట్నూరులో బయటపడింది మాత్రం పశువుల దొడ్డి. చుట్టూ మొద్దులు పాతి కట్టిన దడి తాలూకు గుంతలు, ఏళ్ల తరబడి పేరుకున్న పేడ తగలబడగా మిగిలిన బూడిద పొరలు, ఆ పొరల మధ్య చెదరకుండా నిలిచిపోయిన గిట్టల అచ్చులు కనిపించాయి. తగలబడిన దడిని అదే చోట మళ్లీ మళ్లీ కట్టుకున్నారు. ఇలాంటి దిబ్బల్లో కొన్నిచోట్ల బూడిద వేడికి కరిగి చిట్టెంలా గట్టిపడి ఉంటుంది. పేడను అంతగా ఎందుకు తగలబెట్టారన్న ప్రశ్నకు జవాబుగా ఆల్చిన్ ఏటేటా పశువులతో ముడిపెట్టి జరుపుకొనే పండుగ మంటలను ప్రస్తావించాడు. మనకు వెంటనే భోగి గుర్తుకు వస్తుంది. ఊహ ముచ్చటగానే ఉంది గాని, నాలుగు వేల ఏళ్ల ఎడాన్ని ఒక్క మంటతో పూడ్చడానికి నాకు మనసొప్పదు.

ఈ దొడ్లు కట్టుకున్నవాళ్లు పశువుల మీదే ఆధారపడి బతకలేదు. బళ్లారి దగ్గరి సంగనకల్లు వంటి చోట్ల తవ్విన మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేలిన మాడిన గింజలను ఏరి పరిశీలించినప్పుడు ముఖ్యంగా అండుకొర్రలు, కొర్రకు దగ్గరి చుట్టమైన మరో గడ్డిజాతి గింజ, పెసలు, ఉలవలు కనిపించాయి. ఇవి పరాయి నేల నుంచి తెచ్చుకున్న పంటలు కావు, ఈ ద్వీపకల్పపు వానకు, ఎర్రనేలకు అలవాటుపడినవే. గోధుమ, బార్లీ తరువాత వచ్చి చేరినా ప్రధానమైన తిండి కాలేకపోయాయి. గ్రానైటు గుట్టల మీద, వాటి పాదాల దగ్గర మట్టి మెత్తిన గుండ్రటి గుడిసెలతో ఊళ్లు ఏర్పడ్డాయి. చనిపోయిన పసిపిల్లలను కుండల్లో పెట్టి నివాసాల మధ్యనే పాతిపెట్టేవారు. స్థిరమైన ఊరికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

ఇదే కాలంలో, అంటే క్రీ.పూ. 2600 తరువాత, సింధు తీరాన మొహెంజొదారో వెలిగింది. అయితే అక్కడ కూడా తొందరేమీ కనిపించదు. క్రీ.పూ. 7000 ప్రాంతంలోనే బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో గోధుమ, బార్లీ పండించారు. నగరం రావడానికి నాలుగు వేల ఏళ్లకు పైగా పట్టింది. వరద తీసిన ఒండ్రు మీద విత్తనం చల్లితే పండే విశాలమైన మైదానం, సరుకును దూరాలకు చేర్చే నది, ఎక్కడికి వెళ్లినా ఒకే లెక్కలో ఉండే ఘనాకారపు తూకపు రాళ్లు ఆ నగరాల వెనక ఉన్నాయి. ఆ రాళ్ల బరువులు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు అంటూ రెట్టింపవుతూ పోతాయి. పదహారు రెట్ల రాయి దాదాపు 13.7 గ్రాములు తూగుతుంది. తూకం అంత కచ్చితంగా ఉందంటే, ఒకరి పంట మరొకరి చేతికి లెక్క ప్రకారం వెళ్తోందన్నమాట.

దక్కన్‌లో ఆ లెక్క అవసరపడలేదని నా అభిప్రాయం. చిరుధాన్యాలు ఏళ్ల తరబడి నిల్వ ఉంటాయి కాబట్టి లోపం నిల్వలో లేదు. వానాధారపు మెట్ట సాగులో ఎవరి గింజ వారి ఇంట్లోనే ఉంటుంది, మంద కాళ్ల మీద నడిచిపోయే ఆస్తి. పెత్తనం నచ్చకపోతే పశువులను తోలుకుని మరో గుట్ట వెతుక్కోవచ్చు. అలాంటివారి దగ్గర వాటా వసూలు చేయడం ఎవరికైనా కష్టమే.

ఇనుము వచ్చాక పరిస్థితి మారిందని చాలామంది రాస్తారు. కాని ఇనుము ఇక్కడ క్రీ.పూ. 1000 నాటికే వాడుకలో ఉంది. పెద్ద పెద్ద బండలతో కట్టిన బృహత్‌శిలా సమాధుల్లో ఇనుప పనిముట్లు దొరుకుతాయి, ఆ కాలపు నగరాలు మాత్రం దొరకవు. కృష్ణా, గోదావరి తీరాల్లో వరి స్థిరపడి, వ్యాపార మార్గాలు కలిశాకనే ధాన్యకటకం (నేటి అమరావతి ప్రాంతం), ధూళికట్ట వంటి నగరాలు తలెత్తాయి. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఆంధ్రులకు గోడలున్న పట్టణాలు 30 ఉన్నాయని రాశాడు. కోటిలింగాలలో శాతవాహన సిముకుడి నాణేలతో పాటు అంతకుముందు పాలించిన గోబద, నారన, కంవాయస, సమగోప అనేవారి నాణేలు కూడా దొరికాయి. అంటే శాతవాహనులు రాకముందే గోదావరి ఒడ్డున పంటలో వాటా అడిగేవాళ్లు తయారయ్యారన్నమాట.