ఒకటి ఒకటి

"ఏంది సార్, అది కూడా ఫౌల్ కాదా?" అని అరిచి అరిచి గొంతు పోయింది. సింగరాయకొండలో వ్యాన్ ఆపి టీ తాగుతున్నాం. మాట రావట్లేదు, అందుకే రాస్తున్నా.

ఫుట్‌బాల్ మ్యాచ్‌కి కావలి నుంచి ఒంగోలు దాకా పోయి 1-1. గెలిస్తే మూడు పాయింట్లు, దక్కింది ఒకటి.

వాళ్ల డిఫెండర్ ఒకడున్నాడు, అచ్చం ఒంగోలు గిత్తే. మా లెఫ్ట్ వింగ్ పిల్లోడికి బంతి అందితే చాలు, ముందు మోచెయ్యి వచ్చేది, తర్వాత మనిషి వచ్చేవాడు. హాఫ్ టైంలో పిల్లోడు సాక్స్ కిందికి లాగి చూపించాడు. షిన్ ప్యాడ్ నిలువునా పగిలింది. "ఇది లేకపోతే నా కాలేనన్నా" అని నవ్వుతాడు! నాకు మాత్రం కడుపు మండిపోయింది.

భుజానికి భుజం తగిలించడం రూల్‌లో ఉంది, ఒప్పుకుంటా. మోచెయ్యి ఏ రూల్‌లో ఉంది సామీ? రిఫరీ విజిల్ త్రో ఇన్‌లకే మోగింది.

చివర్లో కార్నర్. మా కీపర్ మీద ఇద్దరు పడ్డారు, బంతి లోపల పడింది. అంతే.

అయినా నిజం చెప్పుకోవాలి. గోల్ ముందు ఎవరూ లేకపోయినా రెండుసార్లు బయటికి కొట్టాం. దానికి ఆ గిత్త ఏం చేస్తాడు పాపం?

వ్యాన్‌లో ఎవరూ దాని ఊసెత్తడం లేదు. బయటికి కొట్టినోడు ఉల్లిపాయ బజ్జీలు అందరికీ తనే కొనిపెట్టాడు.

పిల్లోడేమో టీ గ్లాసు పక్కన పెట్టి, పగిలిన ప్యాడ్‌కి టేప్ చుట్టుకుంటున్నాడు. రిటర్న్ మ్యాచ్ మన గ్రౌండ్‌లోనే కదన్నా అని ఇప్పటికి మూడోసారి అడిగాడు.